ప్రైవేట్ సర్వర్‌లో ఆడితే ఫోన్‌కూ అసలు ఖాతాకూ ప్రమాదమా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: రెండేళ్లుగా క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే, గ్రామాలు కట్టుకునే మొబైల్ ఆట ఆడుతున్నారు, టౌన్ హాల్ (గ్రామంలోని ప్రధాన భవనం) స్థాయి పెరిగేకొద్దీ ఒక్కో అప్‌గ్రేడ్‌కు రోజుల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది, ఇంతలో ఒక స్నేహితుడు ఆ నిరీక్షణను తగ్గించే జెమ్స్‌ను అపరిమితంగా ఇచ్చే ప్రైవేట్ సర్వర్ (ఆట కంపెనీది కాకుండా వేరేవారు సొంతంగా నడిపే సర్వర్) ఏపీకే ఫైలును, అంటే ప్లే స్టోర్ బయటి నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసుకునే ఫైలును, పంపాడు. దాన్ని వేసుకుంటే ఫోన్‌కు గానీ అసలు ఖాతాకు గానీ నిజంగా ప్రమాదం ఉందా, ఆ ఖాతా బ్యాన్ అవుతుందా, లేక అందరూ ఊరికే భయపెడుతున్నారా అన్నది మీ సందేహం.

మీరు రోజూ వాడే ఫోన్‌లో దాన్ని వేసుకోవద్దు. అసలు ఖాతా వివరాలను గానీ, ఇంకెక్కడైనా వాడుతున్న పాస్‌వర్డ్‌ను గానీ అందులో ఇవ్వవద్దు. ప్రైవేట్ సర్వర్లన్నీ మోసాలని నేను అనడం లేదు. ఆట మీద ప్రేమతో, నిజాయతీగా నడిపేవారిని నేను ఎరుగుదును. అయితే ఆ నిజాయతీ ఉందో లేదో బయటి నుంచి తేల్చుకునే సాధనం ఆడేవారి చేతిలో దాదాపు ఏదీ ఉండదు. మీరు ఒక ఆటను వేసుకుంటున్నామని అనుకుంటారు, కానీ జరిగేది ముఖం తెలియని ఒక వ్యక్తికి మీ ఫోన్‌లో చోటు ఇవ్వడం.

ఈ మాట నేను అవతలి పక్కన నిలబడి చూసినవాడిగా చెబుతున్నాను. చాలా ఏళ్లుగా మొబైల్ ఆటల సర్వర్ల పని చేస్తున్నాను. అంతకు ముందు, చదువుకునే రోజుల్లో, ఇద్దరు మిత్రులతో కలిసి ఏడాదిన్నర పాటు ఒక ప్రైవేట్ సర్వర్‌ను నడిపాను.

ముందుగా అది పనిచేసే తీరు తెలిస్తే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. ఇలాంటి ఆటలో మీ ఫోన్‌లో ఉండేది బొమ్మలు, శబ్దాలు, తెర మీద కదలికలు మాత్రమే. మీ దగ్గర ఎన్ని జెమ్స్ ఉన్నాయి, ఏ భవనం ఏ స్థాయిలో ఉంది, దాడిలో ఎవరు గెలిచారు అన్న లెక్కలన్నీ కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. అందుకే అసలు ఆటలో జెమ్స్‌ను పెంచేస్తామని చెప్పే 'హ్యాక్' యాప్‌లు పనిచేయవు; ఫోన్‌లో కనిపించే అంకెను మార్చినా సర్వర్ దాన్ని ఒప్పుకోదు. ప్రైవేట్ సర్వర్ నడిపేవారు మరో దారి పడతారు. ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే సందేశాలను నెలల తరబడి పరిశీలించి, వాటికి అదే తీరులో బదులిచ్చే సర్వర్‌ను సొంతంగా రాసుకుంటారు. ఆ తరువాత అసలు యాప్‌ను విప్పి, అందులోని కంపెనీ సర్వర్ చిరునామాను తీసేసి తమ చిరునామా పెట్టి, మళ్లీ మూట కట్టి పంచుతారు. మీ స్నేహితుడు పంపినది అలా మళ్లీ కట్టిన మూటే. విప్పినవారు చిరునామా ఒక్కటే మార్చారా, ఇంకేమైనా చేర్చారా అన్నది వారికి మాత్రమే తెలుసు.

దీనికి ఆకర్షితులు కావడంలో తప్పేమీ లేదని కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న అడిగినవారిని తక్కువ చేసి మాట్లాడే సమాధానాలు చాలా చూశాను. రోజుల తరబడి నడిచే టైమర్లు, డబ్బు పెడితే తగ్గే నిరీక్షణ, ఏ పాత్ర వస్తుందో తెలియని పెట్టెలు, ఇవన్నీ ఆడేవారి ఓపికను కరిగించి ఆదాయంగా మార్చడానికి జాగ్రత్తగా అల్లిన ఏర్పాట్లు. అలాంటి ఏర్పాట్లు చేసే పనిలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట తెలిసే అంటున్నాను. డబ్బు పెట్టి కొనే పెట్టెల్లో ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో ముందుగా చూపించాలన్న నియమాన్ని యాపిల్ తన యాప్ స్టోర్‌లో పెట్టినది 2017 డిసెంబరులో మాత్రమే. అంతవరకు చాలా ఆటల్లో ఆ లెక్క కూడా తెలియకుండానే జనం కొన్నారు. ఆ ఒత్తిడి లేని చోట ఇదే ఆటను ఒకసారి ఆడి చూడాలనిపించడం సహజం. కొత్త బేస్ అమరికను (గ్రామంలో భవనాలు పేర్చే తీరును), సైన్యం కూర్పును అసలు ఖాతాలో వారాలు వెచ్చించే ముందు ఎక్కడైనా పరీక్షించుకోవాలని అనుకునేవారూ ఉన్నారు. అప్‌డేట్లతో రూపు మారిపోయిన ఆటను, తాము మొదట ఇష్టపడిన పాత రూపంలో మళ్లీ చూడాలని కోరుకునేవారూ ఉన్నారు.

ఈ చివరి కోరిక చిన్నదేమీ కాదు. కంప్యూటర్ ఆటల్లో దీనికి పెద్ద ఉదాహరణ నోస్టాల్రియస్. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదటి రూపాన్ని అభిమానులే ఉచితంగా నడిపిన సర్వర్ అది. తమ వద్ద 8 లక్షలకు పైగా ఖాతాలు నమోదయ్యాయని దాని నిర్వాహకులు చెప్పారు. ఆ ఆట కంపెనీ నుంచి లాయర్ నోటీసు రావడంతో 2016 ఏప్రిల్‌లో దాన్ని మూసివేశారు. మూడేళ్ల తరువాత, 2019 ఆగస్టులో, అదే పాత ఆటను కంపెనీయే 'క్లాసిక్' పేరుతో విడుదల చేసింది. మొబైల్‌లోనైతే డ్రగాలియా లాస్ట్ కథ ఉంది. 2018లో వచ్చిన ఆ ఆటకు 2022 నవంబరు 30న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి పాత్రలు సేకరించుకున్నవారికి మిగిలింది తెరవని యాప్ మాత్రమే. తరువాత దాన్ని అభిమానులే సొంత సర్వర్ల మీద మళ్లీ నిలబెట్టారు. ఇలాంటి పనిని నేను గౌరవిస్తాను. చనిపోయిన ఆటను బతికించడానికీ, బతికున్న ఆటలో జెమ్స్ పంచడానికీ మధ్య చాలా తేడా ఉందని నా అభిప్రాయం. మీ స్నేహితుడు పంపినది రెండో రకం.

ఇక ఆ రెండో రకం గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. మేము మొదట అపరిమిత జెమ్స్‌తోనే సర్వర్ తెరిచాము. కొత్తవారు వచ్చేవారు, మొదటి రోజు గంటల తరబడి అన్నీ కట్టుకునేవారు, నాలుగైదు రోజులకు మళ్లీ కనిపించేవారు కాదు. ఎక్కడం ఉన్నప్పుడే పై మెట్టుకు విలువ ఉంటుంది, అన్ని మెట్లూ ఒక్కసారే ఇచ్చేస్తే ఆడడానికి ఇంకేమీ మిగలదు. ఆరు నెలల తరువాత పద్ధతి మార్చి, టైమర్లను అసలు ఆటకంటే కొంచెమే వేగంగా పెట్టాము. అప్పుడు వచ్చినవారిలో కొందరు చివరి రోజు వరకు ఉన్నారు. వారిని నిలబెట్టినది జెమ్స్ కాదు, వంద మంది ఉన్న చిన్న చోటులో ఒకరికొకరు పేరుతో తెలియడం. మీరు ఊహించుకుంటున్న ఆనందం వారం కూడా నిలవకపోవచ్చు. దాని కోసం ఎంత ఇస్తున్నారో మరి చూడాలి.

మీరు ఇచ్చేవాటిలో మొదటిది, పాస్‌వర్డ్. మా సర్వర్‌లో ఖాతా తెరవాలంటే ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. మేము అనుభవం లేని విద్యార్థులం. పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలోకి, అంటే హ్యాష్‌గా, మార్చి దాచాలన్న జ్ఞానం అప్పటికి మాకు లేదు. డేటాబేస్ తెరిస్తే ప్రతి ఒక్కరి ఈమెయిల్, దాని పక్కనే వారి పాస్‌వర్డ్, మామూలు అక్షరాల్లో కనిపించేవి. ఒక రోజు వేరే తప్పును వెతుకుతూ ఆ పట్టికను చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. అందులో చాలామంది తమ ఈమెయిల్‌కు వాడే పాస్‌వర్డ్‌నే ఇక్కడ కూడా ఇచ్చి ఉంటారని నాకు తెలుసు, ఎందుకంటే అప్పట్లో నేనూ అన్ని చోట్లా ఒకటే వాడేవాడిని. మేము ముగ్గురం ఎవరి ఈమెయిల్‌నూ తెరవలేదు. కానీ మమ్మల్ని ఆపినది మా మనస్సాక్షి తప్ప మరేదీ కాదు. వచ్చినవారికి మేమెవరమో తెలియదు, అడిగే సంస్థ లేదు, సమాధానం చెప్పుకోవలసిన చట్టబద్ధమైన చిరునామా లేదు. ఆ వారమే పట్టికను హ్యాష్‌లోకి మార్చాము, అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరాము. అయినా అంతకు ముందు తీసిన బ్యాకప్ నకళ్లు ఎవరి ల్యాప్‌టాప్‌లో ఎన్ని ఉన్నాయో మాకే సరిగా తెలియలేదు. ఎంతో మంచి ఉద్దేశం ఉన్నవారి చేతిలో కూడా మీ వివరాలు ఇలా ఉంటాయి. ఉద్దేశం చెడ్డదైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

దీనికి అనుబంధంగా ఒక గుర్తు చెబుతాను. నిజమైన గూగుల్ లాగిన్ అయితే, ఫోన్‌లో అప్పటికే ఉన్న ఖాతాల పేర్లు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. ఆట లోపలే ఒక పెట్టె తెరిచి మీ గూగుల్ పాస్‌వర్డ్‌ను టైపు చేయమని అడిగితే అది వల. కంపెనీ ఆటలోని గూగుల్ లాగిన్ ఆ యాప్ ప్యాకేజీ పేరుతో, దాని మీద ఉన్న డిజిటల్ సంతకంతో ముడిపడి ఉంటుంది. విప్పి మళ్లీ కట్టిన యాప్‌కు ఆ సంతకం ఉండదు కాబట్టి అసలు ఆట లాగిన్‌ను అది వాడుకోలేదు. అందుకే కొందరు నకిలీ పేజీని తయారు చేసి పెడతారు. 'మీ అసలు గ్రామాన్ని ఇక్కడికి తెచ్చి ఇస్తాము, సూపర్‌సెల్ ఐడీకి వచ్చిన కోడ్ చెప్పండి' అనేవారు కూడా ఈ కోవలోనివారే; సూపర్‌సెల్ ఐడీ అంటే ఈ ఆట కంపెనీ అయిన సూపర్‌సెల్ దగ్గర మీకుండే ఖాతా. ఆ కోడ్ వారి చేతికి వెళ్లిన నిమిషంలో మీ రెండేళ్ల గ్రామం వారిదవుతుంది.

రెండోది, ఏపీకే ఫైలు. ప్రమాదం ఊహాజనితం కాదని చెప్పడానికి ఒక పాత సంఘటన చాలు. 2016 జూలైలో పోకెమాన్ గో కొన్ని దేశాల్లోనే విడుదలైంది. మిగిలిన చోట్ల ఆగలేనివారు బయటి సైట్ల నుంచి ఏపీకే తెచ్చుకోవడం మొదలుపెట్టారు. విడుదలైన మూడు రోజుల లోపే, డ్రాయిడ్‌జాక్ అనే దూర నియంత్రణ సాధనాన్ని కలిపి కట్టిన నకిలీ ఏపీకేను ప్రూఫ్‌పాయింట్ అనే భద్రతా సంస్థ పట్టుకుంది. ఆట మామూలుగానే తెరుచుకుంటుంది, మామూలుగానే నడుస్తుంది. వెనుక మాత్రం ఫోన్ మరొకరి చేతిలో ఉంటుంది.

'స్కాన్ చేశాను, ఏమీ రాలేదు' అని చాలామంది అంటారు. స్కాన్ చేయడం మంచిదే గానీ దాని మాటను తుది తీర్పుగా తీసుకోకండి. నా దగ్గరకు ఒక బంధువు కుర్రవాడి ఫోన్ వచ్చినప్పుడు, అతడు మొదట వేసుకున్న ప్రైవేట్ సర్వర్ యాప్‌ను విప్పి చూశాను. అందులో తప్పు పట్టదగినది నాకేమీ దొరకలేదు. మూడు వారాల తరువాత ఆట తెరవగానే 'తప్పనిసరి అప్‌డేట్' అని ఒక లింకు వచ్చిందట. ఆ రెండో ఏపీకే నోటిఫికేషన్లు చదివే అనుమతినీ యాక్సెసిబిలిటీ అనుమతినీ అడిగింది, అతడు ఇచ్చేశాడు. యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివారికీ, చేతులతో తాకలేనివారికీ సహాయపడడానికి పెట్టిన ఏర్పాటు. దాన్ని పొందిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. నోటిఫికేషన్ల అనుమతి ఉంటే మీకు వచ్చే ఓటీపీలను మీకంటే ముందే చూడగలదు. గ్రామాలు కట్టుకునే ఆటకు ఈ రెండింటిలో ఏదీ అవసరం లేదు. ఈ దుర్వినియోగం పెరగడం వల్లనే ఆండ్రాయిడ్ 13లో, బయటి నుంచి వేసుకున్న యాప్‌లకు ఈ అనుమతులు నేరుగా ఇవ్వకుండా అడ్డుకట్ట వేశారు. ఆ అడ్డుకట్టను ఎలా తీయాలో బొమ్మలతో సహా నేర్పించే సైట్‌ను చూస్తే, అక్కడి నుంచి వెంటనే బయటకు రండి.

ఐఫోన్‌లో పరిస్థితి కొంత వేరు. బయటి యాప్‌లను అక్కడ ఎక్కువగా సంస్థలకు ఇచ్చే సర్టిఫికెట్లను దుర్వినియోగం చేసి వేయిస్తారు. యాపిల్ ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేయగానే ఆట తెరవడం మానేస్తుంది. ఇందుకోసం ఫోన్‌ను జైల్‌బ్రేక్ చేయమని (యాపిల్ పెట్టిన కట్టడులను తొలగించమని) ఎవరైనా సలహా ఇస్తే, ఒక ఆట కోసం ఫోన్ రక్షణలన్నీ వదులుకోవడమే అవుతుంది.

అసలు సర్వరే లేని సైట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 'మీరు మనిషేనని నిరూపించండి' అంటూ ఒక సర్వే, దాని తరువాత రెండు యాప్‌లు, ఆ తరువాత మరొకటి వేయిస్తారు. ఆట ఎప్పటికీ రాదు. వారి సంపాదన ఆ యాప్‌ల కమిషనే.

అసలు ఖాతా బ్యాన్ అవుతుందా అని మీరు ప్రత్యేకంగా అడిగారు. ప్రైవేట్ సర్వర్ యాప్ కంపెనీ సర్వర్‌తో మాట్లాడదు కాబట్టి, మీరు అక్కడ ఆడిన సంగతి కంపెనీకి నేరుగా చేరే దారి సాధారణంగా లేదు. అయితే ఈ మాటను అభయంగా తీసుకోవద్దు. ఒకే మూటలో ప్రైవేట్ సర్వర్‌కూ అసలు సర్వర్‌కూ మారే బటన్ పెట్టిన యాప్‌లు ఉన్నాయి. మార్చిన యాప్‌తో అసలు సర్వర్‌లోకి వెళితే దాన్ని పసిగట్టే ఏర్పాట్లు ఆటల కంపెనీలకు ఉంటాయి, సర్వర్ వైపు పనిలో నేను చేసేవాటిలో అదీ ఒకటి. మార్చిన యాప్ వాడడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి అలా పోయిన ఖాతా తిరిగి రావడం చాలా కష్టం. మరొక సంగతి: ఒకే ప్యాకేజీ పేరుతో, వేరే సంతకంతో ఉన్న యాప్‌ను ఆండ్రాయిడ్ అసలు దాని మీద వేయనివ్వదు. అందుకని 'ముందు అసలు ఆటను తీసేయండి' అని చెబుతారు. మీ గ్రామం సూపర్‌సెల్ ఐడీ వంటి దేనికీ జత కాకుండా ఉంటే, అసలు ఆటను తీసేసిన తరువాత ఆ ఖాతాలోకి తిరిగి వెళ్లడమే పెద్ద సమస్య కావచ్చు.

డబ్బు విషయం చాలామంది పట్టించుకోరు. ఉచితమని మొదలుపెట్టి, తరువాత 'విరాళం' ఇచ్చినవారికి ప్రత్యేక హోదా, ప్రత్యేక సైన్యం ఇచ్చే సర్వర్లు ఎక్కువే. ఆ డబ్బుకు రసీదు లేదు, వాపసు లేదు. మా సర్వర్ ఎలా ముగిసిందో చెబితే మీకు అర్థమవుతుంది. అద్దెకు తీసుకున్న యంత్రంలో ఒక రాత్రి డిస్క్ పాడైంది. మా వద్ద ఉన్న చివరి బ్యాకప్ నాలుగు నెలల నాటిది. పరీక్షలు దగ్గరపడ్డాయి, ముగ్గురిలో ఒకరికి ఉద్యోగం వచ్చింది, మళ్లీ నిలబెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఏడాదికి పైగా ఆడినవారు ఉన్నారు, సర్వర్ అద్దెకు సాయమని డబ్బు పంపినవారూ ఉన్నారు. వారికి ఒక క్షమాపణ సందేశం తప్ప మేమేమీ ఇవ్వలేకపోయాము. ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

చట్టం బరువు ఆడేవారి మీదకంటే నడిపేవారి మీదే ఎక్కువగా పడుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ప్రైవేట్ సర్వర్‌లో వస్తువులు అమ్ముకున్న స్కేప్‌గేమింగ్ మీద 2010లో అమెరికా కోర్టు 8.8 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. దీనికి ఎదురుగా మరో ఉదాహరణ ఉంది. 2012 నవంబరులో మూతపడిన సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆటను అభిమానులు హోమ్‌కమింగ్ పేరుతో నడుపుతుండగా, 2024 జనవరిలో హక్కుదారైన కంపెనీయే వారికి లైసెన్సు ఇచ్చింది. నడిపేవారికి సంబంధించిన ఈ సంగతులు మీకెందుకంటే, ఒక్క నోటీసుతో మాయమయ్యే చోట మీరు సమయం పెడుతున్నారని తెలియడానికే.

ఇంత చెప్పినా ఒకసారి చూడాలనే ఉంటే, నేనైతే ఇలా చేస్తాను. సిమ్ లేని, బ్యాంకు యాప్‌లు లేని, నా మామూలు గూగుల్ ఖాతా లేని పాత ఫోన్‌ను ఒకసారి పూర్తిగా చెరిపేసి తీసుకుంటాను. దీనికోసమే కొత్త ఈమెయిల్, మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెడతాను. సోర్స్ కోడ్‌ను, అంటే తాము రాసిన ప్రోగ్రామ్‌ను, బహిరంగంగా పెట్టిన, ఏళ్ల తరబడి నడుస్తున్న, అమ్మకాలు లేని సర్వర్‌నే ఎంచుకుంటాను. బహిరంగ కోడ్ ఉన్నంత మాత్రాన వారు పంచే ఏపీకే అదే కోడ్‌తో కట్టినదని రుజువు కాదు, కానీ ఎంత పరీక్షకైనా సిద్ధపడేవారు కొంత నయం. అనుమతి ఏది అడిగినా ఇవ్వను, రూపాయి కూడా పెట్టను. బేస్ అమరికలను పరీక్షించుకోవడమే మీ అవసరమైతే ఇదంతా అక్కరలేదు. క్లాన్‌లోని (ఆటలో మీరు చేరిన బృందంలోని) మిత్రులతో ఫ్రెండ్లీ చాలెంజ్ పెట్టుకుంటే సైన్యాన్ని పోగొట్టుకోకుండానే ఎన్నిసార్లైనా దాడి చేసి చూడవచ్చు.

ఒకవేళ మీ స్నేహితుడు దాన్ని ఇప్పటికే వేసుకుని ఉంటే ఈ వరుసలో చేయమనండి. ముందుగా వేరే ఫోన్ నుంచి గానీ కంప్యూటర్ నుంచి గానీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. అనుమానం ఉన్న ఫోన్ నుంచే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా బయటకు పోవచ్చు. ఆ ఖాతాలో తెరిచి ఉన్న ఇతర పరికరాలన్నింటినీ లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. తరువాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్, డివైస్ అడ్మిన్ యాప్‌లు అనే మూడు చోట్లా చూసి ఆ యాప్ ఉంటే ఆపి, అప్పుడు తీసేయాలి. డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద ప్రత్యేక నియంత్రణ పొంది, ఉండగా ఆ యాప్ తీసివేతకు లొంగదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చి ఉన్నట్టు తేలితే మాత్రం తీసివేతతో సరిపెట్టకండి, ఫొటోలు, కాంటాక్టులు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంటే బ్యాంకుకు అదే రోజు ఫోన్ చేసి చెప్పమనండి.